సిగ్నల్ దగ్గర బండి బంద్ అయితుంది, ఐడ్లింగ్ 500కి పడిపోతుంది (పెట్రోల్, ఎంపీఎఫ్ఐ)

కరీంనగర్_కారు:

అన్నలందరికీ నమస్తే. నాది 2014 మోడల్ 1.2 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్ల తీస్కున్న, 96 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున చల్లగ ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే మంచిగనే ఉంటది, ఆర్పీఎం 1200 దాకా పోయి మెల్లగ కిందికి దిగుతది. ఇంజన్ వేడెక్కినంక కథ మొదలైతది. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయంగనే ముల్లు 750 దగ్గర ఆగాల్సింది 500కి పోతది, స్టీరింగ్, సీటు అన్నీ వణుకుతయ్, ఏసీ వేసి ఉంటే ఇంక చెప్పనక్కర్లే, బంద్. మళ్ల సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్ అయితది, రోడ్డు మీద స్పీడ్‌ల పోతుంటే ఏ ఇబ్బంది లేదు. వెనకున్న ఆటోవాళ్ల హారన్లు వినీ వినీ పరేషాన్ అయితున్న.

మా దగ్గరి మెకానిక్ ప్లగ్గులు మార్చిండు, ఎయిర్ ఫిల్టర్ మార్చిండు, ఇంజెక్టర్లు క్లీనింగ్ చేయించిండు, ఏం ఫరక్ పడలే. ఇప్పుడు ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పోయింది, సెకండ్ హ్యాండ్ది 12 వేలల్ల దొరుకుతది అంటుండు. చెక్ ఇంజన్ లైట్ అప్పుడప్పుడు వచ్చి పోతుంది. ఏం జేయమంటరు?

రేసర్_రాజు:

ఫ్యూయల్ పంప్ బ్రో. వంద శాతం పంపే. మా ఫ్రెండ్ బండికి సేమ్ ఇదే.

స్పానర్_సుబ్బు (విజయవాడ, ఆటోనగర్):

రాజూ, పంపు వీకైతే ముందు తెలిసేది ఓవర్‌టేక్‌లో, ఘాట్ రోడ్లో. ఐడ్లింగ్‌లో ఇంజన్ తాగే పెట్రోల్ ఎంతని, చచ్చిపోతున్న పంపు కూడా ఆ కాస్త ఇస్తుంది. ఈ తమ్ముడికేమో స్పీడ్‌లో ఏ కంప్లయింటూ లేదంటున్నాడు, అంచేత పంపు సంగతి ఆఖర్న చూద్దాం.

తమ్ముడూ కరీంనగర్, ఈసీఎం మాట ఎత్తినాయనకి ఒక దణ్ణం పెట్టి బండి ఇంటికి తెచ్చేసుకో. ఈసీఎం పోతే పొద్దున్న ఒకలాగా మధ్యాహ్నం ఒకలాగా పోదు. ముందు నాకు ఒక్కటి చెప్పు, బండి ఎలా ఆగుతోంది? ముల్లు మెల్లగా దిగి, వణికి, అప్పుడు ఆగుతోందా? లేక బాగా తిరుగుతున్నది తిరుగుతున్నట్టే స్విచ్ ఆపేసినట్టు ఠక్కున సున్నాకి పడుతోందా? ఠక్కున పడితే నేను ముందు ఇంజన్ తిరుగుడు కనిపెట్టే క్రాంక్ సెన్సార్‌ని అనుమానిస్తా, వేడెక్కితే సిగ్నల్ కోల్పోయి చల్లారాక మళ్ళీ మామూలైపోద్ది, కానీ అలాంటప్పుడు వెంటనే స్టార్టవ్వదు, పావుగంట రోడ్డు పక్కన నిలబెట్టాల్సిందే. మెల్లగా దిగి ఆగితే వేరే దారి. ఇంకోటి, ఆ లైట్ వచ్చినప్పుడు ఈసీఎం రాసుకున్న లోపం కోడ్ ఎవరన్నా చదివారా? 2013 ఏప్రిల్ నించి వచ్చిన బండ్లకి ఆ కోడ్లు చూపించే ఓబీడీ-2 ఉండి తీరాలి, నీదానికి స్టీరింగ్ కింద పోర్ట్ ఉంటది.

మోడరేటర్:

ఒక చిన్న గుర్తు. ఈ చర్చా దారంలో బండి కంపెనీ పేరు ఎవరూ అడగొద్దు, చెప్పొద్దు. పోయినసారి ఇలాగే మొదలై ఆ కంపెనీ గొప్పా ఈ కంపెనీ గొప్పా అని ఎన్నో పేజీలు కొట్టుకున్నారు, అసలు అడిగినాయన పారిపోయాడు.

కరీంనగర్_కారు:

సుబ్బన్నా, మెల్లగనే దిగుతది. 750, 650, 500, దడదడ వణికి ఆగుతది. ఒక్కోసారి 500 దగ్గర్నే కొట్టుకుంట కొట్టుకుంట నిలబడ్తది, కొద్దిగ యాక్సిలరేటర్ ఇస్తే బతుకుతది. కోడ్ ఎవ్వరు చదవలే. బ్లూటూత్ స్కానర్ ఆర్డర్ పెట్టిన.

పెట్రోల్_పాపం:

ఎవరూ అసలు విషయం మాట్లాడట్లేదు. ఈ20 పెట్రోల్, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపింది. 2014 బండి ఈ20 కోసం తయారైంది కాదు, ఆ ఇథనాల్ వల్లే ఇవన్నీ. నా బండి మైలేజీ కూడా పడిపోయింది. ఎవడు అడుగుతాడు.

లాగ్_చూద్దాం (హైదరాబాద్):

మైలేజీ తగ్గడం నిజమే, ఇథనాల్‌లో శక్తి తక్కువ, దాని మీద గొడవ లేదు. పాత బండ్లలో రబ్బరు పైపులూ సీళ్ళూ కాలక్రమేణా పాడవుతాయన్న భయం కూడా కొట్టిపారేసేది కాదు. కానీ వేడి మీద ఐడ్లింగ్ పడిపోవడానికి అది సరిపోదు, ఎందుకో లెక్క చూడండి. మామూలు పెట్రోల్‌కి ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి కావాలి, ఈ10కి దాదాపు 14.1, ఈ20కి దాదాపు 13.5. అంటే ఈ10 నుంచి ఈ20కి మారితే ఇంజన్ అడిగే ఇంధనం సుమారు నాలుగు శాతం పెరుగుతుంది, అంతే. ఆక్సిజన్ సెన్సార్ చూసి ఈసీయూ (అదే ఈసీఎం) తనంతట తాను దిద్దుకునే హద్దు ఇరవై శాతం పైనే ఉంటుంది చాలా బండ్లలో. నాలుగు శాతం దానికి లెక్కలోకి రాదు. ట్యాంకులో నీళ్ళు చేరి ఇథనాల్ విడిపోతే అది వేరే సంగతి, అప్పుడు బండి పొద్దున్న కూడా సతాయిస్తుంది, స్పీడ్‌లో కూడా సతాయిస్తుంది.

కరీంనగర్ బ్రో, స్కానర్ వచ్చాక కోడ్ ఒక్కటే చూసి ఆపేయొద్దు, లైవ్ డేటా కావాలి. కోడ్ అనేది కంప్లయింట్ మాత్రమే, కారణం కాదు. నాకు కావాల్సినవి చెప్తా, కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా మ్యాప్ (ఇంటేక్ మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో ఒత్తిడి) ఎంత చూపిస్తోంది, చల్లగా ఉన్నప్పుడు ఐడ్లింగ్‌లో మ్యాప్ ఎంత, వేడెక్కాక ఎంత, అప్పుడే షార్ట్ టర్మ్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం దిద్దుతోందో చెప్పేవి), ఇంకా ఐఏసీ స్టెప్స్ (ఐడ్లింగ్‌లో గాలి ఇచ్చే వాల్వ్ ఎంత తెరుచుకుందో) చూపిస్తే అవి. కూలెంట్ టెంపరేచర్ కూడా ఒక కంట కనిపెట్టు, సెన్సార్ వేడింజన్‌ని పట్టుకుని చల్లగా ఉందని చెప్తుంటే పెట్రోల్ ఎక్కువ కొట్టి ముంచేస్తుంది.

మ్యాప్ ఎందుకు అడుగుతున్నానంటే, ఐడ్లింగ్‌లో థ్రాటిల్ (గాలి దారిలో తెరుచుకుని మూసుకునే రేకు) మూసుకుని ఉంటుంది, పిస్టన్లు పీలుస్తూనే ఉంటాయి, అందుకని ఇంటేక్ మానిఫోల్డ్‌లో గాలి పలచబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ అయితే వేడి మీద, ఏసీ లేకుండా, 30 నుంచి 38 కేపీఏ (కిలోపాస్కల్) మధ్య ఎక్కడో ఉంటుంది. ఇంజన్ ఆపి ఉంచితే మాత్రం బయటి గాలి ఎంతుందో అంతే చూపించాలి, విజయవాడలో వంద దగ్గర, కరీంనగర్‌లో 97-98, మా హైదరాబాద్ ఇంకాస్త ఎత్తు కాబట్టి 95. అలా చూపించకపోతే సెన్సారే అబద్ధమాడుతోందని అర్థం, మిగతా అంకెలన్నీ చెత్తబుట్టలోకి.

టెక్సాస్_తమ్ముడు:

హలో అందరికీ, డల్లాస్ దగ్గర ఉంటా. నా 2008 సెడాన్‌ది 2.4 లీటర్ ఆటోమేటిక్, దీనికి కూడా సిగ్నల్లో ఆగిపోయే జబ్బు వచ్చింది. తమాషా ఏంటంటే రివర్స్ వేస్తేనే ఎక్కువగా ఆగేది. పీ0171 కోడ్, అంటే మిక్స్చర్ లీన్, గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ. ఐడ్లింగ్‌లో ట్రిమ్ ప్లస్ 22, అదే 2500 ఆర్పీఎం దగ్గర ప్లస్ 4. చివరికి చూస్తే ఎయిర్ బాక్స్ నుంచి థ్రాటిల్‌కి వెళ్ళే మడతల రబ్బరు గొట్టం అడుగున చీలిక, పైనుంచి కనపడదు, చెయ్యి పెట్టి తడిమితేనే తెలుస్తుంది. రివర్స్ వేసినప్పుడు ఇంజన్ మౌంట్ల మీద అటు వాలి చీలిక నోరు తెరుచుకునేది. ముప్పై డాలర్ల పార్ట్. కాబట్టి బ్రో, ఎయిర్ లీక్ చూడు ముందు.

లాగ్_చూద్దాం (హైదరాబాద్):

టెక్సాస్ బ్రో చెప్పింది కరెక్టే కానీ అది మాఫ్ సెన్సార్ ఉన్న బండి కథ. మాఫ్ అంటే లోపలికి వచ్చే గాలిని గుమ్మంలోనే కొలుస్తుంది, చీలిక ఆ తర్వాత ఉంటే దొంగగాలి లెక్కలోకి రాదు, మిక్స్చర్ లీన్, ఇంజన్ ఆగుతుంది. మన దగ్గర చిన్న పెట్రోల్ బండ్లలో చాలావాటికి మాఫ్ ఉండదు, మ్యాప్ మాత్రమే. వాటిల్లో థ్రాటిల్‌కి ముందు గొట్టం చీలితే దుమ్ము పోతుంది తప్ప ఐడ్లింగ్‌కి ఏమీ కాదు. థ్రాటిల్ తర్వాత లీకైతే మానిఫోల్డ్‌లో ప్రెషర్ పెరుగుతుంది, ఈసీయూ ఆ పెరిగింది చూసి పెట్రోల్ కూడా ఎక్కువిస్తుంది, ఆర్పీఎం తగ్గదు, పెరుగుతుంది. వెయ్యి, పదకొండొందల దగ్గర వేలాడుతుంది. మన కేసులో పడిపోతోంది కదా. అందుకే ఎయిర్ లీక్‌ని నేను కింద పెడతా. చిన్న పైపులు ఊడాయేమో ఓసారి కంటితో చూసుకోవడం వేరు, అది ఎలాగూ చెయ్యాలి.

స్పానర్_సుబ్బు (విజయవాడ, ఆటోనగర్):

లాగ్ గారు చెప్పింది నిజం. అందరూ యూట్యూబ్ చూసి వేడింజన్ మీద కార్బ్ క్లీనర్ కొడుతున్నారు లీక్ వెతకడానికి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనే ఉంటది, భగ్గుమంటే బాధ్యులెవరు. సబ్బు నీళ్ళు చాలు.

కావ్య_విశాఖ:

ఇదే దారంలో అడగొచ్చా? మాది 2021 మోడల్, బీఎస్6, 41 వేలు తిరిగింది. బ్యాటరీ మార్పించాక ఐడ్లింగ్ తగ్గిపోయింది, ఏసీ వేసి బ్రేక్ వేసి ఆగగానే ఒక్కోసారి ఇంజన్ ఆగిపోతోంది. అంతకుముందు ఇసుమంత కంప్లయింట్ లేదు. బ్యాటరీ షాపువాళ్ళు మాకు సంబంధం లేదంటున్నారు.

స్పానర్_సుబ్బు (విజయవాడ, ఆటోనగర్):

అడగండమ్మా, దాందేముంది. సంబంధం ఉంది గానీ వాళ్ళ తప్పు కాదు. మీ బండికి కేబుల్ ఉండదు, థ్రాటిల్‌ని మోటారే తిప్పుతుంది. ఏళ్ళ తరబడి ఆ రేకు అంచుల్లో మసి చేరుకుంటా వస్తే, ఈసీఎం ఎప్పటికప్పుడు ఇంకొంచెం తెరిచి సర్దుకుంటా, ఆ లెక్క గుర్తుపెట్టుకుంటది. బ్యాటరీ తీసేసరికి ఆ గుర్తు పోయింది. ఇప్పుడది కొత్త బండి అనుకుని కొత్త బండికి తెరిచినంతే తెరుస్తోంది, మసి మాత్రం అలాగే ఉంది, గాలి చాలట్లేదు. పడిశం పట్టిన ముక్కుతో ఊపిరి తీసినట్టు.

థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించి ఐడిల్ రీలెర్న్ (ఆ లెక్క మళ్ళీ నేర్పించడం) చేయించండి. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, కొన్నింటికి స్కానర్ తోనే అవుద్ది, కొన్నింటికి లైట్లూ ఏసీ అన్నీ ఆపేసి ఇంజన్ బాగా వేడెక్కేదాకా ఐడ్లింగ్‌లో వదిలేస్తే చాలు. ఒక్క జాగ్రత్త, కీ ఆన్లో ఉండగా ఆ రేకుని వేలితో నెట్టనివ్వకండి ఎవర్నీ, లోపల ప్లాస్టిక్ పళ్ళ చక్రాలుంటాయ్, విరిగితే బాడీ మొత్తం మార్చాలి.

రేసర్_రాజు:

ఓకే పంప్ కాదు. థ్రాటిల్ బాడీ అయ్యుంటది కరీంనగర్ బ్రోది కూడా.

కరీంనగర్_కారు:

స్కానర్ వచ్చింది. కోడ్ పీ0506 ఉన్నది, చూస్తే ఐడ్లింగ్ ఉండాల్సిన దానికన్న తక్కువ ఉంది అని అర్థమట. అది నాకెర్కే కదా, దానికి స్కానర్ ఎందుకు 😀

థ్రాటిల్ బాడీ విప్పి నేనే క్లీన్ చేసిన, నాది కేబుల్ది. నల్లగ తారు లెక్క ఉండె. పక్కన ఐఏసీ వాల్వ్ కూడ తీసి దాని సీటు తుడిచిన, గ్యాస్కెట్ కొత్తది వేసిన. చల్లటప్పుడు ఇంకా స్మూత్ అయింది, యాక్సిలరేటర్ కూడ తేలికైంది. వేడెక్కినంక మాత్రం మళ్ల గదే కథ, 500 పోయి 550 అయింది గంతే.

లాగ్ అన్నా నీ అంకెలు. ఇంజన్ ఆఫ్ మ్యాప్ 97. చల్లటి ఐడ్లింగ్ 39. వేడి మీద 49, అది కూడ ఒక్కదగ్గర నిలబడ్తలేదు, 46 నుంచి 52 దాక ఎగురుతుంది. షార్ట్ టర్మ్ మైనస్ 2, ప్లస్ 3 మధ్యల, లాంగ్ టర్మ్ ప్లస్ 2. కూలెంట్ 91 డిగ్రీలు. ఐఏసీ చల్లగ ఉన్నప్పుడు 48, వేడి మీద 105.

లాగ్_చూద్దాం (హైదరాబాద్):

సూపర్, ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. 97 అంటే సెన్సార్ నిజమే చెప్తోంది, కూలెంట్ సెన్సార్ కూడా ఓకే. ట్రిమ్‌లు దాదాపు సున్నా దగ్గర, అంటే మిక్స్చర్ బాగానే ఉంది, ఇంజెక్టర్లూ పెట్రోల్ ప్రెషరూ ఆక్సిజన్ సెన్సారూ వీటి మీద అనుమానం బాగా తగ్గింది. స్టెప్స్ అంకె కంపెనీని బట్టి మారుతుంది కానీ వేడి ఇంజన్‌కి చల్లటి ఇంజన్ కన్నా తక్కువ గాలి చాలాలి, నీది రెట్టింపు కన్నా ఎక్కువ అడుగుతోంది. మ్యాప్ 49. అంటే ఐఏసీ మూసుకుపోయి గాలి అందక ఆగడం కాదు బ్రో, లోపలికి కావాల్సిన దానికన్నా ఎక్కువ గాలే వెళ్తోంది, మిక్స్చర్ సరిగ్గానే ఉంది, అయినా తిరగడానికి సత్తువ చాలట్లేదు. ఎవరో సత్తువ తినేస్తున్నారు. ఏసీ కంప్రెసరో ఆల్టర్నేటరో బిగుసుకుంటోందా, బెల్ట్ తీసి ఒక్క నిమిషం నడిపి చూడు (నీ దాంట్లో వాటర్ పంప్ కూడా ఆ బెల్ట్ మీదే ఉంటే నిమిషం దాటొద్దు). ఈజీఆర్ వాల్వ్ ఉంటే తెరుచుకుని ఉండిపోయిందేమో చూడు, కాలిన పొగ ఐడ్లింగ్‌లో లోపలికొస్తే సరిగ్గా ఇలాగే వణుకుతుంది. ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌లోకి పంపే క్యానిస్టర్ పర్జ్ గొట్టం ప్లయర్‌తో నొక్కిపట్టు, ఫరక్ ఉందేమో. పెట్రోల్ కొట్టించిన వెంటనే ఎక్కువ ఆగుతుంటే పర్జ్ వాల్వే దొంగ అవుతుంది మామూలుగా, కానీ దానికి ట్రిమ్‌లు ఇంత బుద్ధిగా ఉండవు.

అవేవీ కాకపోతే ఇంజన్ లోపలే.

డిపో_పెద్దాయన (కర్నూలు):

అబ్బీ, నేను ఆర్టీసీ డిపోలో పని చేసి రిటైరైనోణ్ణి. మాదంతా డీజిలు, మీ సెన్సార్ల భాష నాకు అంతగా తెలీదు. ఇంతమంది ఇన్ని అడిగినారు గానీ ఒకటి ఎవరూ అడగలేదు. బండికి గ్యాస్ కిట్ ఏమన్నా ఉందా?

కరీంనగర్_కారు:

ఉన్నది సార్. సీఎన్‌జీ, సీక్వెన్షియల్ కిట్. నేను తీస్కున్నప్పుడే ఉండె, 50 వేల కిలోమీటర్ల కాడ పెట్టించిండట పాత ఓనర్. ఎక్కువ గ్యాస్ మీదనే తిప్పుత. కానీ పెట్రోల్‌ల కూడ సేమ్ ప్రాబ్లమ్ ఉన్నది కదా అని దాని సంగతి రాయలే.

స్పానర్_సుబ్బు (విజయవాడ, ఆటోనగర్):

హమ్మయ్య. దొరికింది చూడు. పెద్దాయనా నమస్కారం.

లాగ్_చూద్దాం (హైదరాబాద్):

రెండింట్లోనూ ఒకేలా ఆగుతోందన్నది ఇన్నాళ్ళూ దాచిపెట్టిన బంగారం లాంటి సమాచారం! పెట్రోల్ మీదా గ్యాస్ మీదా ఒకే జబ్బంటే పెట్రోల్ పంపు, ఇంజెక్టర్లు, ఈ20, గ్యాస్ రెడ్యూసర్, అన్నీ ఒక్క దెబ్బకి నిర్దోషులు. రెండు ఇంధనాలకీ ఉమ్మడిగా ఉన్నవి గాలి, స్పార్క్, కంప్రెషన్. గాలి చూశాం. స్పార్క్ పోతే మిస్‌ఫైర్ స్పీడ్‌లో, లోడ్‌లో ఇంకా ఎక్కువవ్వాలి, అది లేదు.

డిపో_పెద్దాయన (కర్నూలు):

అంతే. ట్యాపెట్లు, అంటే వాల్వుల్ని నొక్కి తెరిచేవి, చూడండి నాయనా. గ్యాస్ పొడిగా ఉంటుంది, పెట్రోలు మాదిరి వాల్వులకి తడి తగలదు, వాల్వు మూసుకుని ఆనే సీటు అరుగుతా పోతుంది. సీటు అరిగితే వాల్వు పైకి ఎక్కుతుంది, అంటే ట్యాపెట్ దగ్గర సందు తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఇంచుక సందు మిగిలుంటుంది, వాల్వు మూసుకుంటుంది, ఇంజను బాగుంటుంది. వేడెక్కితే వాల్వు కాడ (స్టెమ్) సాగుతుంది, ఎగ్జాస్ట్‌ది ఇంకా ఎక్కువ సాగుతుంది, ఆ సందు కూడా పాయ, వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ లీకు. స్పీడులో తిరిగేటప్పుడు లీకయ్యేదానికి టైము ఉండదు కాబట్టి తెలీదు, నిదానంగా తిరిగేటప్పుడే బయటపడుతుంది. ట్యాపెట్ చప్పుడు చేస్తా ఉంటే నాకు భయం లేదు, గ్యాస్ బండి మరీ నిశ్శబ్దంగా ఉంటేనే భయం. నీ ఇంజను ఈ మధ్య చప్పుడు తగ్గిందా?

కరీంనగర్_కారు:

సార్... అవును. ఇంజన్ మస్తు సైలెంట్ అయింది అని నేనే ఖుషీ అయితుండె.

గ్యాస్‌బండి_గిరి:

మళ్ళీ మొదలెట్టారా గ్యాస్ మీద. నాది కంపెనీ ఫిటెడ్ సీఎన్‌జీ, లక్షా నలభై వేలు తిరిగింది, ఒక్క వాల్వ్ కంప్లయింట్ లేదు. కిట్‌ని తిట్టకండి.

స్పానర్_సుబ్బు (విజయవాడ, ఆటోనగర్):

ఎవరు తిట్టారు గిరీ. కంపెనీ నించి గ్యాస్‌తో వచ్చే ఇంజన్‌కి వాల్వులూ సీట్లూ గట్టి మెటీరియల్‌వి వేస్తారు, నీది లక్షా నలభై తిరగడానికి కారణం అదే. పెట్రోల్ కోసం చేసిన ఇంజన్‌కి బయట కిట్ పెట్టించినప్పుడు ఆ సీట్లు రావుగా. కిట్ పెట్టించొద్దని నేను చెప్పను, నా దగ్గరికి రోజూ వస్తాయి అలాంటి బండ్లు, బతుకుతున్నాయి. ట్యాపెట్లు చూపించుకుంటా ఉండాలి అంతే. ఆ సంగతి కిట్ పెట్టేవాడు చెప్పడు.

తమ్ముడూ, హెడ్ (వాల్వులుండే ఇంజన్ పైభాగం) దించేద్దామని ఎవడన్నా అంటే ఆగమను. ముందు కంప్రెషన్ టెస్ట్. ఇంజన్ వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసెయ్, కాయిల్స్, ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీసెయ్, గ్యాస్ ఆఫ్. యాక్సిలరేటర్ ఆసాంతం తొక్కిపెట్టి ఒక్కో సిలిండర్‌కి ఒకేలాగా సెల్ఫ్ కొట్టాలి, ఒకదానికి ఎక్కువ ఒకదానికి తక్కువ కొడితే లెక్క తప్పుద్ది. తక్కువొచ్చిన దాంట్లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ ప్లగ్ బొక్కలోంచి పోసి మళ్ళీ కొట్టు. పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. వ్యాక్యూమ్ గేజ్ ఎవరి దగ్గరన్నా ఉంటే అది కూడా పెట్టి చూడు, ముల్లు పాటకి తాళం వేసినట్టు ఒకే వరసలో టిక్ టిక్ మని పడుతుంటే వాల్వే.

కావ్య_విశాఖ:

మధ్యలో వస్తున్నా, థ్రాటిల్ క్లీన్ చేయించి స్కానర్‌తో రీలెర్న్ చేయించా, ఇప్పుడు 780 దగ్గర కదలకుండా ఉంది, ఏసీ వేసినా ఆగట్లేదు. థాంక్స్ సుబ్బు గారూ.

కరీంనగర్_కారు:

వేరే మెకానిక్ దగ్గరికి పోయిన, గేజ్ ఉన్న మనిషి. బెల్ట్ తీసి చూసినం, ఫరక్ లేదు. పర్జ్ గొట్టం నొక్కినం, లేదు. ఈజీఆర్ నా బండికి లేనే లేదు. కంప్రెషన్ పీఎస్ఐలల్ల రాస్తున్న, ఒకటో సిలిండర్ 172, రెండు 128, మూడు 118, నాలుగు 165. మూడోదాంట్ల ఆయిల్ పోసి కొట్టినం, 121. అంటే పెరగనట్టే కదా?

స్పానర్_సుబ్బు (విజయవాడ, ఆటోనగర్):

పెరగనట్టే. రింగులు సేఫ్. రెండో, మూడో సిలిండర్ల వాల్వులు పట్టేసి ఉన్నాయి.

వాల్వ్ కవర్ విప్పు. స్క్రూ, లాక్ నట్టు ఉండే రకమైతే నీ అదృష్టం, ఫీలర్ గేజ్ (సందు కొలిచే ఆకులు), స్పానర్ చాలు. బకెట్ రకమైతే కొలతలు రాసుకుని ఆ మందం బకెట్లు తెప్పించాలి, క్యామ్‌లు దించాలి, ఖర్చు, టైమ్ రెండూ ఎక్కువ. ఇంజన్ రాత్రంతా చల్లారాలి, వేడి మీద కొలిస్తే ఉపయోగం లేదు. క్రాంక్ పుల్లీ చేత్తో తిప్పి ఒక్కో సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీకి (పిస్టన్ పైదాకా వచ్చి వాల్వులన్నీ మూసుకునే చోటుకి) తెచ్చుకోవాలి, 1-3-4-2 వరసలో పోతే తికమకపడవు. సందు ఎంతుండాలో మీ బండి మాన్యువల్లో ఉంటది, నా మాటా ఎవరి మాటా వినకు. ఎగ్జాస్ట్‌కి మాత్రం మాన్యువల్ చెప్పిన హద్దులో ఎక్కువ వైపుకే పెట్టించుకో, గ్యాస్ మీద మళ్ళీ తగ్గేదే కదా.

ముందే చెప్తున్నా, చాన్నాళ్ళు మూసుకోకుండా నడిచి ఉంటే వాల్వు అంచు కాలిపోయుండొచ్చు. సందు సరిచేసినా కంప్రెషన్ రాకపోతే అప్పుడు హెడ్ దించి వాల్వు మార్చి గ్రైండింగ్ చేయించక తప్పదు.

రేసర్_రాజు:

ఇంత చదివాక నా బండి ట్యాపెట్లు కూడా చూపించుకోవాలనిపిస్తోంది, గ్యాస్ కిట్ లేకపోయినా.

లాగ్_చూద్దాం (హైదరాబాద్):

సర్వీస్ షెడ్యూల్లో రాసే ఉంటుంది రాజూ, ఎన్ని కిలోమీటర్లకి చూడాలో. హైడ్రాలిక్ లాష్ అడ్జస్టర్లు ఉన్న ఇంజన్ అయితే నీకా బెడద లేదు, అవే సర్దుకుంటాయి.

కరీంనగర్_కారు:

అన్నలూ, అయిపోయింది. స్క్రూ రకమే నాది. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్‌ల 0.05 మిల్లీమీటర్ల ఆకు కూడ కష్టంగ దూరింది, మాన్యువల్ల 0.25 నుంచి 0.30 ఉండాలె అని ఉన్నది. రెండోది 0.08. ఇంటేక్‌లు దాదాపు కరెక్టే ఉన్నయ్. ఎగ్జాస్ట్ అన్నీ 0.30 పెట్టించిన. ఇప్పుడు కంప్రెషన్ 174, 166, 157, 170. మూడోది కొంచెం తక్కువనే, అంచు కొద్దిగ దెబ్బ తిన్నదేమో అని మెకానిక్ అన్నడు, కానీ ఇప్పుడు హెడ్ ముట్టుకోవద్దన్నడు.

వేడి మీద మ్యాప్ 35, నిలబడ్డది. ఐఏసీ 34. ఐడ్లింగ్ 750, ఏసీ వేస్తే 850. గ్యాస్‌ల పెట్రోల్‌ల రెండింట్ల. కవర్ గ్యాస్కెట్, మజూరీ కలిపి రెండు వేల లోపల అయింది. 12 వేల ఈసీఎం మిగిలింది. చప్పుడు మాత్రం టిక టిక అని కొంచెం వస్తుంది ఇప్పుడు.

డిపో_పెద్దాయన (కర్నూలు):

ఆ చప్పుడు ఉండనీ నాయనా.

గ్యాస్‌బండి_గిరి:

కరీంనగర్ బ్రో, మళ్ళీ ఎన్నాళ్ళకి చూపిస్తావ్? మా బావమరిది బండికి బయట కిట్టే, వాడికి చెప్పాలి.

స్పానర్_సుబ్బు (విజయవాడ, ఆటోనగర్):

నేనైతే బయట కిట్ బండ్లకి 20 వేల కిలోమీటర్లకోసారి విప్పి కొలుస్తా. ఈ తమ్ముడిది మూడోది కొంచెం తేడాగా ఉంది కాబట్టి మొదటిసారి 10 వేలకే చూడమంటా. కొలిచిన అంకెలు కాయితం మీద రాసి డ్యాష్‌బోర్డ్‌లో పెట్టుకోవాలి, పోయినసారికీ ఈసారికీ ఎంత తగ్గిందో చూస్తే సీటు ఎంత స్పీడుగా అరుగుతోందో తెలుస్తుంది. రోజూ కాసేపు పెట్రోల్ మీద నడిపితే ఇంజెక్టర్లు కూడా పట్టేయకుండా ఉంటాయి.

మోడరేటర్:

సమస్య తీరింది కాబట్టి శీర్షికకి 'పరిష్కారమైంది' తగిలిస్తున్నా. బకెట్ రకం ట్యాపెట్ల గురించి అడగాలనుకునేవాళ్ళు కొత్త దారం తెరవండి, గ్యాస్ కిట్ ఉందో లేదో మొదటి పోస్టులోనే రాయండి.